అరటి లారీ పాట

రాజమండ్రి తాడితోటలో ఒక చీరల కొట్టు మేడ మీద, తెల్ల దుప్పటి పరిచిన పరుపు పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చునే నాగవల్లి పని చూడడానికి తేలిగ్గానే ఉంటుంది. అడిగిన చీర విప్పాలి, భుజాన వేసి చూపించాలి, వద్దంటే మడత పెట్టాలి. గుట్టలు గుట్టలు విప్పించి "మళ్లీ వస్తాం" అని లేచిపోయే వాళ్ల ముందు మొహం మాడ్చుకోకుండా ఉండడంలోనే ఉంది పనితనమంతా. ఆ విద్యలో ఆమెని మించినవాళ్లు ఆ వీధిలో లేరు. "పర్లేదండి, తప్పకుండా రండి" అంటుంది. అమ్మ కొంగు పట్టుకుని వచ్చిన పసిపిల్లని కూడా "మీకే రంగు ఇష్టమండి?" అని అడుగుతుంది. తోటి పనివాళ్లు నవ్వుతారు గానీ అది వేళాకోళం కాదు. మొగల్తూరు దగ్గర రాజుల ఇంట్లో పుట్టింది. ఆ ఇళ్లలో పాకే పిల్లవాణ్ణి కూడా "ఇలా రండి బాబూ" అనే పిలుస్తారు.

ఈ నాగవల్లి చచ్చిపోయిందని లక్షలమంది నమ్మారు. అన్నవరం కొండ మీద పెళ్లి చేసుకుని తిరిగి వస్తుంటే లారీ బోల్తాపడి, కట్టుకున్నవాడి ఒళ్లో తల పెట్టుకుని కన్నుమూసిందని ఫోన్లు చూసుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. అంతమందికీ ఆ చావు కబురు చేరవేసింది ఆమె మొగుడే. అదీ పాట పాడి, పిల్లల బొమ్మలాంటి ఓ వాయిద్యం వాయిస్తూ!

పెళ్లి నిజమే. లారీ కూడా నిజమే.

అప్పటికి నాగవల్లి డిగ్రీ చదువుతోంది. తండ్రి జగపతిరాజుగారికి కాస్త కొబ్బరితోట, రెండు రొయ్యల చెరువులు. ఒక్కతే కూతురు. ఆ పిల్లని కాలేజీ బస్సు ఎక్కించడానికి రోజూ మోటారుసైకిలు మీద తీసుకెళ్లి, బస్సు మలుపు తిరిగేదాకా ఎండలో నిలబడే మనిషి ఆయన. అదే మనిషి, గట్టు తగాదాలో సొంత అన్నగారు ఒక మాట తూలితే ఆ ఇంటి గుమ్మం మళ్లీ తొక్కలేదు. అన్నగారు పోయినప్పుడు కూడా వీధిలో నిలబడి దణ్ణం పెట్టి వచ్చేశారు. ప్రేమైనా పంతమైనా ఆయనకి సగంలో ఆపడం చేతకాదు. ఆ సంగతి కూతురికి బాగా తెలుసు. తెలిసే చేసింది.

రావులపాలెంలో పెద్దమ్మ కూతురు మంజుష పెళ్లి. ఈ రోజుల్లో పెళ్లంటే సంగీత్ ఉండాలి కదా, దానికి పాడడానికి శరత్‌చంద్ర అనే కుర్రాడు వచ్చాడు. అమలాపురం పక్కన పౌరోహిత్యం చేసుకునే వాళ్ల అబ్బాయి. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి, తండ్రి చేత చీవాట్లు తిని, యుకులేలే ఒకటి చంకన పెట్టుకుని ఫంక్షన్ల వెంట తిరుగుతున్నాడు. చిన్న గిటారులా ఉండి, నాలుగే తీగలున్న ఆ వస్తువుని నాగవల్లి అంతకు ముందు చూడలేదు.

"ఇది పిల్లలు ఆడుకునే గిటారాండి?" అని అడిగింది.

అతను పడీ పడీ నవ్వాడు. ఆ సాయంత్రం సంగీత్‌లో, ఒక రాజుగారి అమ్మాయి యుకులేలేని బొమ్మ అనుకున్న కథని అప్పటికప్పుడు పాటగా కట్టి పాడేశాడు. పందిరంతా నవ్వింది. తన గురించి ఎవరైనా పాట కట్టడం ఆ పిల్లకి అదే మొదలు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పెళ్లి ముగిసేసరికి ఆమె కళ్లు అతని చుట్టూనే తిరుగుతున్నాయి. సామాను సర్దుకుంటూ "ఇంక వెళ్తానండి" అన్నాడు శరత్. "నేనూ వస్తానండి" అంది నాగవల్లి. ఆ మాట అన్నది ఆమే. ఎవరూ ఎత్తుకుపోలేదు, మాయమాటలు చెప్పలేదు. అనేశాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని బిత్తరపోయారు. వెనక్కి తీసుకుందామని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

బస్టాండులో అందరూ తెలిసినవాళ్లే. అందుకని అరటికాయల మార్కెట్లోకి నడిచి, ఒడిశా వెళ్లే లోడు లారీ ఎక్కారు. డ్రైవరు సత్తియ్య రెండు ప్రశ్నలు వేసి, విషయం అర్థమై, ముందు సీట్లో చోటిచ్చాడు. వెనక పచ్చి గెలల వాసన. ఎక్కేటప్పుడు ఆమె ఓణీ గెల తొడిమకి రాసుకుని జిగురంటింది. అరటి జిగురు మరక ఎంత ఉతికినా పోదు. అన్నవరంలో దిగారు, కొండెక్కారు, పెళ్లి చేసుకున్నారు.

కొండ దిగుతూ ఆమె ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది తండ్రి.

"నాన్నగారూ, పెళ్లి చేసుకున్నానండి. ఒక్కసారి నా మాట..."

ఫోన్ పెట్టేశారు. పెరట్లో నూతి దగ్గరికి వెళ్లి నెత్తిన నాలుగు చేదలు గుమ్మరించుకున్నారు. మైల స్నానమన్నమాట. తడి పంచెతో వచ్చి "మనకి పిల్లల్లేరు" అన్నారు భార్య బుల్లెమ్మతో. ఆ ఇంట్లో ఆ పేరెత్తడం అంతటితో ఆగిపోయింది. పాత నంబరు తీసేశారు. నాగవల్లి కూడా ముందు భయపడి, తరువాత రోషపడి మళ్లీ ప్రయత్నం చేయలేదు.

రాజమండ్రిలో ఒక గది అద్దెకి తీసుకున్నారు. మొదట్లో ఆ గదిలో లేనిది లేదు. వంట రాక మాడ్చిన కూర కూడా ఇద్దరికీ రుచిగానే ఉండేది. ఆ రోజుల్లోనే శరత్ వాళ్ల కథని పెద్ద పాటగా కట్టాడు. కథ చెబుతున్నట్టే సాగుతుంది.

అరటి గెలల లారీలోన అమ్మాయొకతె ఎక్కింది,
ఆకుపచ్చ ఓణీ అంచుకి అరటి జిగురు అంటింది.

అలా మొదలై, పెద్దమ్మగారి కంగారు, డ్రైవరు ప్రశ్నలు, కొండ మెట్లు, అన్నీ నవ్విస్తూ వచ్చి చివరికి ఇద్దరూ అద్దె గదిలో కూర మాడ్చుకోవడంతో ముగిసేది. ఎక్కడ పాడినా నవ్వేవాళ్లు, మర్చిపోయేవాళ్లు.

ఓసారి దిండిలో ఒక రిసార్టులో ప్రోగ్రాం. హైదరాబాదు నుంచి వచ్చిన జనం. పాట సగంలో ఉండగా బిర్యానీ గిన్నెల మూతలు తీశారు. కుర్చీలు కదిలాయి. పక్కన కూర్చుని చూస్తున్న నాగవల్లికి భర్త మొహం చూసి జాలేసింది. అప్పుడు శరత్‌కి ఏం బుద్ధి పుట్టిందో, తీగల మీద వేగం తగ్గించాడు. గొంతు దించాడు. ఎవరూ రాయని చరణం ఒకటి అతని నోటి వెంట వచ్చింది.

కొండ మీద కట్టిన తాడుకి పసుపింకా ఆరనే లేదు,
కొండ దిగిన లారీకేమో మలుపొకటి కానరాలేదు.

లేచినవాళ్లు నిలబడిపోయారు. బిర్యానీ చల్లారిపోయింది. ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. పాట అయ్యాక ఎవరో అడిగారు, ఇది నిజంగా జరిగిందా అని. శరత్ తల వంచుకుని "నా కథేనండి" అన్నాడు.

"నన్ను చంపేశారాండి?" అంది నాగవల్లి ఇంటికొచ్చేటప్పుడు, బండి మీద వెనక కూర్చుని.

"పాటలోనే కదే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే ఆమెకి ముచ్చటేసింది కూడా. తన కోసం అంతమంది ఏడవడం మామూలు సంగతా?

ఆ చరణాన్ని ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. అక్కణ్ణించి అది ఊళ్ల మీద పడింది. ప్రోగ్రాములు కుదిర్చే మురళీకృష్ణ అనే అతను తనంతట తానే వెతుక్కుంటూ వచ్చాడు. తెలివైనవాడు. గదిలో నాగవల్లిని చూడగానే అతని మొహం వాడిపోయింది.

"మేడం, మీరేమీ అనుకోకండి. ప్రోగ్రాములకి మాత్రం రాకండి. మీరు కనిపిస్తే జనానికి ఆ ఫీలింగ్ పోతుంది."

ఆమె వెళ్లడం మానేసింది. తరువాత వీధిలో కలిసి నడవడం మానేశారు. తరువాత ఇల్లు మారి, కొత్త ఇంటావిడకి మేనమామ కూతురని చెప్పారు. పగలంతా ఒక్కర్తే ఏం చేస్తావని శరతే చీరల కొట్లో పనికి కుదిర్చాడు. అక్కడ పాపాయి అని పక్క పరుపు మీద కూర్చునే ఆవిడ భోజనం వేళ ఆ పాటే పెట్టుకుని ముక్కు చీదుకునేది.

"ఆ పిల్లెంత అదృష్టవంతురాలో చూడవే. పోయినా అంత ఇదిగా తలుచుకునేవాడు దొరికాడు" అనేది.

నాగవల్లి ముద్ద మింగుతూ "అవునండి" అనేది.

పెళ్లిరోజు వచ్చినప్పుడు మురళీకృష్ణ వీడియో తీస్తానన్నాడు. ఇప్పటి మనిషిని చూసినవాళ్లు పోల్చుకోలేని కాలేజీ రోజుల ఫొటో ఒకటి పెద్దది చేయించారు. దండ కావాలి. బంతిపూలు తెచ్చి సూదీ దారం పట్టుకుని గుచ్చింది నాగవల్లే. దీపం వెలిగించి, ఆ ఫొటో ముందు కూర్చుని శరత్ పాడాడు. కెమెరా వెనక వంటగట్టు. పొయ్యి మీద కుక్కర్లో పప్పు ఉంది. కూత వేస్తుందేమోనని ఆమె పరుగున వెళ్లి స్టవ్ ఆపింది. ఊపిరి బిగపట్టి గోడకి ఆనుకుని నిలబడింది. పాట చివర శరత్ ఏడ్చాడు. అవి దొంగ ఏడుపులు కావు, అదే ఆమెని భయపెట్టింది. ఫొటోలో పిల్ల మీద అతనికి నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది. కెమెరా కట్టేశాక ఇటు తిరిగి, "పప్పు అయిందా?" అన్నాడు.

మొన్న భాద్రపదంలో, అమావాస్యకి ముందు రోజు, కొట్లోకి ఒకావిడ వచ్చి ఫోన్లో మాట్లాడుతూనే పరుపు మీద కూర్చుంది.

"ముత్తైదువుకి ఇవ్వడానికి పసుపు రంగు చీర చూపించండి. పుణ్యస్త్రీగా పోయినావిడ పేరున."

"అంచు ఏ రంగు కావాలండి?" అంది నాగవల్లి చీరలు తీస్తూ.

ఆ గొంతు విని వచ్చినావిడ తలెత్తింది. మంజుష. ఫోన్ చేతిలోంచి జారి చీరల మీద పడింది. కెవ్వుమని అరవబోయి, అరవలేక, నాగవల్లి రెండు చేతులూ పట్టుకుని తడుముకుంది.

"వల్లీ! నువ్వేనా? ఈ చీర నీ పేరున ఇవ్వడానికేనే!"

మెట్ల మీద కూర్చోబెట్టి మంజుష చెప్పుకొచ్చింది. కిందటేడు చెరువు దగ్గర మేత వేసే కుర్రాళ్ల ఫోన్లో జగపతిరాజుగారు ఆ పాట విన్నారు. రావులపాలెం పెళ్లి, అరటి లారీ, అన్నవరం. ఇంకెవరి కథ అవుతుంది? వీడియో చూపించమన్నారు. దండ వేసిన ఫొటో కూతురిదే. మంజుష భర్త శ్రీకాంత్ వీడియో కింద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే, మురళీకృష్ణ అనే అతను నిజమేనండి, పెళ్లిరోజునే పోయారు పాపం అన్నాడు.

"ఫోను పెట్టేశాను మంజూ, పిల్ల చివరిసారి పిలిస్తే పెట్టేశాను, అంటూ తల బాదుకున్నారే బాబాయిగారు. ఆ రోజే పోయావనుకున్నారు కదా మరి. మనిషి సగమైపోయారు. నీ ఫొటో హాల్లో పెట్టుకున్నారు. వచ్చిన ప్రతివాడికీ నీ చిన్నప్పటి కబుర్లే. ఆ పాట పెట్టుకుని చెరువు గట్టు మీద కూర్చుంటారు. రేపు పొద్దున్న గోదావరి రేవులో నీకు తర్పణం వదలడానికి పిన్నినీ తీసుకుని వచ్చారు. నువ్వు బతికున్నావని తెలిస్తే ఆయన ప్రాణం లేచొస్తుందే! నేను నోటితో చెబితే నమ్మరు, కళ్లారా చూడాలి. రేపు నేరుగా రేవుకి వచ్చెయ్యి."

తండ్రి క్షమించేశారు. ఏడేళ్లుగా నాగవల్లికి కావలసింది అదొక్కటే. ఇల్లు కాదు, పొలం కాదు. "అమ్మలూ" అని ఆయన ఒక్కసారి పిలిస్తే చాలు. అది రేపు జరగబోతోంది.

సాయంత్రం శరత్‌కి చెప్పింది. అతను యుకులేలే తీగలు బిగించుకుంటున్నాడు. చేతులు ఆగిపోయాయి.

"ఇప్పుడే వద్దు వల్లీ. విశాఖపట్నం ప్రోగ్రాం కానివ్వు. నువ్వు బతికున్నావని తెలిస్తే జనం నన్ను బతకనిస్తారా?"

"మా నాన్నగారు నాకు నువ్వులు నీళ్లు వదులుతున్నారండి రేపు."

"వదిలితే ఏమవుతుంది? నువ్వు నిజంగా పోలేదు కదా."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. చెడ్డవాడు కాదు. ఇప్పటికీ అదే నవ్వు, అవే మెత్తని వేళ్లు. ఆ మొహంలో తన కోసం ఏమీ మిగల్లేదని మాత్రం ఆ సాయంత్రం తెలిసింది.

తెల్లవారి రేవులో జనం కిక్కిరిసి ఉన్నారు. మెట్ల మీద ఎక్కడ చూసినా తడి పంచెలు, దర్భలు, అరిటాకుల్లో పిండాలు. మంజుష చెయ్యి పట్టుకుని దిగుతుంటే నాగవల్లి ముందు తల్లి వీపు గుర్తుపట్టింది. ఆ పక్కన నీళ్ల అంచున కూర్చున్న మనిషిని గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. భుజాల ఎముకలు తేలిపోయి ఉన్నాయి. రెండు మెట్ల పైన ఆగిపోయింది. పంతులుగారి గొంతు వినబడుతోంది.

"ఇప్పుడు అమ్మాయిగారికండి. పెళ్లయ్యాక పోయారన్నారు కదా, అల్లుడుగారి గోత్రం చెప్పాలి."

"మా గోత్రమే చెప్పండి, ధనుంజయ" అన్నారు జగపతిరాజుగారు. "నా పిల్ల నాదేనండి. ఎవరికీ ఇవ్వలేదు నేను."

నాగవల్లికి ఇక ఆగలేదు.

"నాన్నగారూ!"

ఆయన తిరిగి చూశారు. గుప్పెట్లో నువ్వులు జారిపోయాయి. లేవబోయి తడబడి, మెట్టు పట్టుకుని లేచి, తడి చేత్తో ఆమె చెంప తాకారు. ముక్కు తాకారు, నుదురు తాకారు. బుల్లెమ్మ చెంబు వదిలేసి కూతుర్ని వాటేసుకుంది.

"అమ్మలూ" అన్నారాయన. "అమ్మలూ, బతికే ఉన్నారా అమ్మా! నా తల్లే!"

పసిపిల్లవాడిలా ఏడ్చారు. చుట్టుపక్కల తర్పణాలు వదులుతున్నవాళ్లు కూడా ఆగి చూశారు. నాగవల్లి ఆ చెయ్యి చెంపకి అదుముకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆయన తేరుకున్నారు.

"మరి ఆ పాటేంటమ్మా?"

"ఆయనే కట్టారండి. నేను పోయినట్టు పాడితేనే జనం వింటున్నారని..."

"మీకు తెలుసా?"

ఆయన ముందు ఆమెకి అబద్ధం ఎన్నడూ రాలేదు. "తెలుసండి."

"ఫొటోకి దండేసి చూపించాడు. అదీ తెలుసా?"

"దండ నేనే గుచ్చానండి. మీదాకా వస్తుందనుకోలేదు నాన్నగారూ."

ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆమె చెంప మీద నువ్వులు అంటుకునే ఉన్నాయి.

"ఫోను పెట్టేశానని ఏడాదిగా చస్తున్నానమ్మా నేను" అన్నారు. గొంతులో కోపం లేదు. "మీరు ఇక్కడే కూర్చుని దండలు గుచ్చుతున్నారు."

వెళ్లి మళ్లీ నీళ్ల అంచున కూర్చున్నారు. చేతులు కడుక్కున్నారు. వేలికి దర్భ సరిచేసుకున్నారు.

"కానివ్వండి పంతులుగారూ."

"అమ్మాయిగారు ఎదురుగానే ఉన్నారు కదండీ" అన్నారు పంతులుగారు బెదిరిపోయి. "బతికున్నవాళ్లకి చేయకూడదండి. మహాపాపం."

"నేను ఏడ్చింది మా అమ్మాయి కోసమండి. ఈవిడ కోసం కాదు. కానివ్వండి."

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను" అంటూ బుల్లెమ్మ ఆయన భుజం పట్టుకుని గుంజింది. ఆయన కదల్లేదు. పంతులుగారు మంత్రం చెప్పలేదు. చివరికి రాజుగారే చెంబుతో నీళ్లు ముంచుకుని, పళ్లెంలో నువ్వులు తీసుకుని, తల వంచుకుని తనకి తానే చెప్పుకున్నారు, ధనుంజయ గోత్రం, నాగవల్లి అని. నీళ్లు వదిలారు. మళ్లీ చెప్పారు, మళ్లీ వదిలారు. రెండు మెట్ల పైన నిలబడి ఆమె మూడుసార్లూ వింది.